వదలలేని చెయ్యి
కరెంటు చరిత్ర: ఆరో భాగం

1890 ఆగస్టు 6న న్యూయార్క్ రాష్ట్రంలోని ఆబర్న్ జైలులో విలియం కెమ్లర్‌ను కరెంటు కుర్చీలో కూర్చోబెట్టారన్న దగ్గర కిందటి భాగం ఆపాం. మొదటిసారి స్విచ్చి వేస్తే అతని ప్రాణం పోలేదు. రెండోసారి వేయాల్సి వచ్చింది. మనిషి చావడానికి ఎంత కరెంటు కావాలో ఆ గదిలో నిలబడ్డ డాక్టర్లకూ తెలియదు, ఆ యంత్రం అమర్చిన వాళ్ళకూ తెలియదు. తెలియకుండానే నగరాలకు నగరాలు తీగలు లాగేశారు, ఇళ్ళలో దీపాలు పెట్టేశారు.

ఎంత కరెంటుకు ప్రాణం పోతుందో తెలియనప్పుడు, ఎంత దాటకుండా చూసుకుంటే ప్రాణం నిలుస్తుందో మాత్రం ఎవరు చెప్పగలరు? ఆ అంకె తేలడానికి దాదాపు అరవై ఏళ్ళు పట్టింది. నేడు ఏ ఛార్జరు తయారుచేసినా, ఏ మిక్సీ తయారుచేసినా ఇంజనీరు ఆ అంకెకు లోబడే పనిచేయాలి. అది ఎవరి ఒళ్ళు హూనమైతే తేలిందో ఈ భాగంలో చూద్దాం.

మొదట్లో విద్యుత్ భద్రత అంటే మంటల భయమే. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో వేల దీపాలు వెలిగించబోతుంటే ఇన్సూరెన్స్ కంపెనీలకు గుండెల్లో రాయి పడింది. వైరింగు చూసి రమ్మని విలియం హెన్రీ మెరిల్ అనే కుర్ర ఇంజనీరును పంపారు. మరుసటి ఏడాది అతను మొదలుపెట్టిన పరీక్షశాలే, ఇప్పుడు ఎన్నో వస్తువుల మీద కనిపించే యూఎల్ ముద్రకు మూలం. అది గొప్ప పనే. కానీ డబ్బు పెట్టింది ఇన్సూరెన్స్ వాళ్ళు, వాళ్ళ దిగులు కాలిపోయే భవనాల గురించి. షాకు కొట్టి మనిషి పోతే గోడ కూడా మసిబారదు.

ఫ్యూజు సంగతీ అంతే. ఫ్యూజు కాపాడేది తీగను, మనిషిని కాదు. పాతకాలపు 100 వాట్ల బల్బు 230 వోల్టుల మీద సుమారు 430 మిల్లీయాంపియర్లు తీసుకుంటుంది. ఇప్పటి 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు సుమారు 40 తీసుకుంటుంది. ఆ 40 మిల్లీయాంపియర్లే ఒక మనిషి చేతిలోంచి కాళ్ళ దాకా పారితే చెయ్యి వదలదు, ఛాతీ బిగుసుకుపోయి ఊపిరి ఆడదు. బోర్డులో ఉన్న 5 ఆంపియర్ల ఫ్యూజుకు మాత్రం ఇంట్లో ఇంకో చిన్న బల్బు వెలిగినట్టే ఉంటుంది. అది కరగదు.

అసలు షాకుకు మనిషి ఎందుకు చనిపోతాడు? 1899లో జెనీవాలో ప్రెవో, బాతెల్లి అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కుక్కల మీద ప్రయోగాలు చేసి దీనికి జవాబు చెప్పారు. కొద్దిపాటి కరెంటు తగిలినా గుండె కొట్టుకునే తీరు తప్పి, కండరమంతా తలోవైపు వణకడం మొదలవుతుంది. ఆ వణుకులో రక్తం ఒక్క చుక్క ముందుకు పోదు. దాన్నే డాక్టర్లు ఫిబ్రిలేషన్ అంటారు. బలమైన షాకు ఇస్తే ఆ వణుకు ఆగుతుందని కూడా వాళ్ళే గమనించారు. ఆ రెండో సంగతిని లోకం చాలా ఏళ్ళు పట్టించుకోలేదు.

1936లో బెల్ టెలిఫోన్ ప్రయోగశాల, కొలంబియా విశ్వవిద్యాలయం కలిసి లెక్క తేల్చడానికి పూనుకున్నాయి. ఫెర్రిస్, కింగ్, స్పెన్స్, విలియమ్స్ అనే నలుగురు గినీ పందుల నుంచి దూడల దాకా రకరకాల జంతువుల మీద కరెంటు పెట్టి చూశారు. బరువులోనూ గుండె పరిమాణంలోనూ మనిషికి దగ్గరగా ఉంటుందని ముఖ్యంగా గొర్రెను ఎంచుకున్నారు. గుండె కొట్టుకునే ప్రతిసారీ దానికి బొత్తిగా ఓర్పులేని ఒక చిన్న గడియ ఉంటుందని అందులో బయటపడింది. షాకు సరిగ్గా ఆ గడియలో తగిలితే తక్కువ కరెంటుకే గుండె వణుకుతుంది, మిగతా సమయంలో తగిలితే తట్టుకుంటుంది. ఒకే తీగ ముట్టుకుని ఒకడు చెయ్యి విదిలించుకుని లేచిపోవడం, పక్కవాడు అక్కడే కూలిపోవడం మనం చూస్తుంటాం. తలరాత అనుకునే ఆ తేడాలో కొంత భాగం ఇదే.

జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో విలియం కౌవెన్‌హోవెన్ అనే ఎలక్ట్రికల్ ప్రొఫెసరు 1928 నుంచే ఈ పనిలో ఉన్నాడు. స్తంభాల మీద పనిచేసే లైన్‌మెన్లు షాకుకు చచ్చిపోతుంటే చూడలేక కరెంటు కంపెనీలే ఆ పరిశోధనకు డబ్బిచ్చాయి. 1958లో ఆయన దగ్గర పనిచేస్తున్న నికర్‌బాకర్ అనే యువకుడు, కుక్క ఛాతీ మీద బరువైన పలకలు ఒత్తి పెడుతుంటే షాకు ఇవ్వకముందే రక్తపోటు కొంచెం పైకి లేవడం గమనించాడు. ఛాతీని బయటి నుంచి లయగా నొక్కితే చాలు, రక్తం పారుతుందన్నమాట. జూడ్ అనే సర్జను కూడా కలిశాక ముగ్గురూ 1960లో దీన్ని ప్రచురించారు. ఇవాళ స్కూలు పిల్లలకు నేర్పుతున్న సీపీఆర్ పుట్టింది అలాగే. ఒక ఎలక్ట్రికల్ ఇంజనీరు మొదలుపెట్టిన పని ఎంతమంది ప్రాణాలు నిలబెట్టిందో తలుచుకుంటే ఆయనకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

జంతువులు ఒకటి మాత్రం చెప్పలేవు. తీగ పట్టుకున్న మనిషి దాన్ని ఏ దశ దాకా వదిలేయగలడు? గుండె సంగతి తర్వాత, ముందు చెయ్యి ఊడిరావాలి కదా. కరెంటు మనిషిని పట్టుకుంటుందని మన పల్లెల్లో అంటారు. నిజానికి పట్టుకునేది మన చెయ్యే. వేళ్ళను ముడిచే కండరాలు చాచే కండరాల కన్నా బలమైనవి. కరెంటు రెంటినీ ఒక్కసారే బిగిస్తే ముడిచేవాటిదే పైచెయ్యి. తీగ చుట్టూ పిడికిలి బిగుసుకుంటుంది. తెలివి ఉంటుంది, నొప్పి తెలుస్తుంది, వదలాలని తెలుస్తుంది, కానీ చెయ్యి మాట వినదు.

ఆ లెక్క తేల్చింది కాలిఫోర్నియాలో బర్కిలీ విశ్వవిద్యాలయం ప్రొఫెసరు చార్లెస్ డాల్జీల్. 1940లలో ఆయన చేసిన ప్రయోగం చూడడానికి చాలా మామూలుగా ఉంటుంది. చెమట పట్టిన చేతిలా ఉండాలని చేతిని ఉప్పునీళ్ళతో తడుపుతారు. ఆ చేతికి ఒక సన్నటి రాగి తీగ ఇస్తారు. రెండో వైపు కనెక్షను మరో చేతి కింద పలకకో, పైచేతికి చుట్టిన పట్టీకో ఉంటుంది. కరెంటు మెల్లగా పెంచి ఒకచోట ఆపి, "వదలండి" అంటారు. వదలగలిగితే ఇంకొంచెం పెంచి మళ్ళీ మొదలు. వదలలేకపోతే తగ్గిస్తారు. ఇలా కొన్నిసార్లు చేస్తే ఆ మనిషి హద్దు తెలుస్తుంది. డబ్బాలు, చువ్వలు, వైర్ల మధ్య నిలబడి, చెయ్యి వణుకుతుండగా పళ్ళు బిగబట్టి పట్టు విడిపించుకునే ఆ కుర్రాళ్ళ ఫోటోలు డాల్జీల్ వ్యాసాల్లో ఉన్నాయి. అందులో పాల్గొన్నది 134 మంది మగవాళ్ళు, 28 మంది ఆడవాళ్ళు. వాళ్ళ పేర్లు ఏ ప్రమాణ పత్రంలోనూ లేవు.

మగవాళ్ళ సగటు హద్దు సుమారు 16 మిల్లీయాంపియర్లు, ఆడవాళ్ళది 10.5. సగటు మనకు పనికిరాదు, బలహీనుణ్ణి కూడా కాపాడాలి కాబట్టి డాల్జీల్ వెయ్యిలో 995 మంది వదిలేయగల అంకెను లెక్కగట్టాడు. మగవాళ్ళకు 9, ఆడవాళ్ళకు 6. పిల్లల మీద ఈ ప్రయోగం చేయలేదు, చేయకూడదు కూడా. మగవాళ్ళ అంకెలో సగం, అంటే 4.5 అని అంచనా కట్టాడు. అమెరికాలో సాకెట్‌లోనే అమర్చే రక్షణ పరికరం 5 మిల్లీయాంపియర్ల దగ్గర ఎందుకు తెగుతుందంటే, దాని వెనక ఉన్నది ఈ చేతులే.

ఇంకో సంగతి కూడా ఆ ప్రయోగాల్లో తేలింది. డీసీ కరెంటయితే మగవాడు సగటున 76 మిల్లీయాంపియర్ల దాకా పట్టు వదలగలడు. 10 కిలోహెర్ట్జ్ దగ్గరా ఇంచుమించు అంతే, 75. మన ఇళ్ళకు వచ్చే 50, 60 హెర్ట్జ్ దగ్గరే హద్దు అట్టడుగున ఉంది. మోటార్లకూ ట్రాన్స్‌ఫార్మర్లకూ అనువుగా ఉందని ప్రపంచం ఎంచుకున్న వేగమే మన నరాలనూ కండరాలనూ అన్నిటికన్నా గట్టిగా పట్టేది.

అంకె దొరికితే సరిపోదు, ఆ అంకె దగ్గర తెగే స్విచ్చి కావాలి. అందులోని సూత్రం ఊరి కిరాణా కొట్టులో జమాఖర్చు చూసుకోవడం లాంటిదే. ఫేజులో వెళ్ళిన కరెంటు న్యూట్రల్‌లో మొత్తం తిరిగి రావాలి, తక్కువొచ్చిందంటే ఎక్కడో మనిషి గుండానో, గోడ గుండానో భూమిలోకి పోతున్నట్టు. రెండు తీగలనూ ఒకే ఇనుప వలయంలోంచి దూరుస్తారు. లెక్క సరిపోయినంతసేపు వలయంలో అయస్కాంత బలం సున్నా. తేడా రాగానే అది లేచి స్విచ్చిని విడగొడుతుంది. సూత్రం పాతదే, కానీ 1950ల దాకా ఇలాంటి పరికరాలు తెగడానికి సుమారు 10 ఆంపియర్ల తేడా కావలసివచ్చేది. అంత తేడా వచ్చేలోపు మనిషి మిగలడు.

దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో ఆ 10 ఆంపియర్ల గోడ బద్దలైంది. గనుల్లో తడి, ఇనుము, చీకటి. అక్కడి ప్రమాదాలు చూసి జొహానెస్‌బర్గ్ దగ్గర ఆల్బర్టన్‌లో పనిచేసే హెన్రీ రూబిన్ అనే ఇంజనీరు 1955లో 250 మిల్లీయాంపియర్లకు తెగే పరికరం చేశాడు. మరుసటి ఏడాది మొదట్లోనే అయస్కాంత యాంప్లిఫయరుతో 12.5 నుంచి 17.5 మధ్య తెగే నమూనా తయారైంది. గుండె వణుకు విషయంలో డాల్జీల్ గీసిన ప్రాణాపాయపు గీతకు అది బాగా లోపలే ఉంది. స్టిల్‌ఫాంటీన్ అనే గని కార్మికుల ఊళ్ళో ఒకావిడ ఇంట్లోనే షాకుకు చనిపోయాక, 1957, 58లలో అక్కడి కొన్ని వందల ఇళ్ళకు 20 మిల్లీయాంపియర్ల పరికరాలు బిగించారు. ఒక ఊళ్ళో వందల ఇళ్ళకు ఇలాంటి కాపలా దొరకడం ప్రపంచంలోనే మొదటి సంగతుల్లో ఒకటి. 1961లో డాల్జీల్ స్వయంగా ట్రాన్సిస్టర్లతో ఇలాంటి పరికరం చేశాడు. 1968లో అమెరికా విద్యుత్ కోడ్ దాన్ని మొదట ఈతకొలనుల్లోని దీపాలకు తప్పనిసరి చేసింది.

యూరప్ వేరే దారి పట్టింది. ఆస్ట్రియాలో గాట్‌ఫ్రీడ్ బీగెల్‌మయర్ తన ఒంటి మీదే క్షణంలో ఒక చిన్న వంతు సేపు వోల్టేజీ పెట్టుకుని మానవ శరీరపు నిరోధం కొలుచుకున్నాడు. చెయ్యి వదలడం కన్నా గుండె వణకకపోవడం అక్కడ ముఖ్యమైంది. అందుకే అక్కడ స్విచ్చి తెగే అంకె 30 మిల్లీయాంపియర్లు. మన దేశంలోనూ ఇళ్ళలో పెట్టే ఇలాంటి స్విచ్చి, అంటే ఆర్‌సీసీబీ, ఎక్కువగా అదే. అంటే చెయ్యి వదలలేని హద్దుకూ, స్విచ్చి తెగే హద్దుకూ మధ్య కొంత ఖాళీ ఉంది. ఇల్లంతటికీ ఒకే పరికరం పెడితే తక్కువ అంకెతో ఊరికే తెగిపోతుంటుందన్నది దానికి కారణం. ఇంతకన్నా మంచి బేరం కుదిరేదా అంటే, స్నానాలగదికి విడిగా 10 మిల్లీయాంపియర్లది పెట్టడం మంచి బేరమని నా అభిప్రాయం.

ఊరికే తెగిపోవడం ఎందుకు? ఇక్కడే ఇంకో కథ వచ్చి కలుస్తుంది. రేడియోలు ఇళ్ళలోకి వచ్చిన కొత్తలో పక్కింటి కుట్టుమిషను మోటారు తిరిగినా, వీధిలో ట్రాము పోయినా స్పీకరులో గరగర. ఒక దేశపు నియమం ఇంకో దేశపు సరుకుకు అడ్డం కాకూడదని 1933లో పారిస్‌లో సమావేశమయ్యారు. మరుసటి జూన్‌లో సీఐఎస్‌పీఆర్ అనే అంతర్జాతీయ సంఘం మొదటిసారి కూర్చుంది. ఆ గరగరకు అతి సులువైన మందు కెపాసిటరు. తీగకూ యంత్రపు ఇనుప ఒంటికీ మధ్య దాన్ని పెడితే రొద అక్కడికక్కడే మళ్ళుతుంది. కానీ రొదకు దారి ఇచ్చిన కెపాసిటరు 50 హెర్ట్జ్ కరెంటుకూ కొంచెం దారి ఇస్తుంది. ఆ కొంచెం యంత్రపు ఒంటి మీదికి, అక్కణ్ణుంచి ఎర్తులోకి పోతుంది. ఇంట్లో ఇలాంటివన్నీ కలిస్తే జమాఖర్చులో తేడా వచ్చి స్విచ్చి ఊరికే తెగుతుంది.

కంప్యూటర్లు వచ్చాక ఈ గొడవ ముదిరింది. లోపలి పవర్ సప్లయి కరెంటును సెకనుకు వేల, లక్షలసార్లు కోస్తుంది, కోసిన ప్రతిసారీ రొద. అమెరికాలో రేడియో ప్రసారాలను నియంత్రించే ఎఫ్‌సీసీ 1979లో కంప్యూటర్ల రొద మీద హద్దులు పెట్టింది. టీఆర్‌ఎస్-80 అనే కంప్యూటరు మొదటి మోడల్ 1981లో మార్కెట్టు నుంచి తప్పుకోవడానికి అదొక ముఖ్య కారణం. యూరప్‌లో 1996 జనవరి 1 నుంచి విద్యుదయస్కాంత అనుకూలత లేని సరుకు అమ్మడం కుదరదన్నారు. దాంతో ప్రతి పెట్టెలోనూ ఫిల్టరు, ప్రతి ఫిల్టరులోనూ ఎర్తుకు కట్టిన వై-కెపాసిటర్లు.

పరీక్షశాలలో ఈ రెండు కథలూ ఎదురెదురుగా నిలబడడం చూడవచ్చు. ఒక గదిలో స్క్రీను మీద 150 కిలోహెర్ట్జ్ నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా రొద గీత పరుగెడుతుంటుంది. హద్దు గీతను ఒకచోట దాటితే డిజైనరు కెపాసిటరు విప్పి పెద్దది వేస్తాడు. గీత దిగుతుంది. పక్క గదిలోకి వెళ్తే లీకేజీ మీటరు. ఆ మీటరులో ఒక 1500 ఓముల రెసిస్టరు, దాని పక్కన 0.22 మైక్రోఫారడ్ కెపాసిటరు, వాటికి వరసగా 500 ఓములు ఉంటాయి. సర్క్యూటు పుస్తకంలో అది మనిషి ఒంటికి ప్రతినిధి. చిన్న పెట్టెలో కూర్చున్న ఆ మనిషి గుండా ఎంత పారిందో మీటరు చెబుతుంది. ఎర్తు అక్కర్లేని రెండు పొరల ఇన్సులేషను వస్తువుకు 0.25, చేత్తో పట్టుకునే ఎర్తు వస్తువుకు 0.75, కదలని ఎర్తు వస్తువుకు 3.5 మిల్లీయాంపియర్లు. కంప్యూటర్ల భద్రతా ప్రమాణం చాలాకాలం నడిచింది ఈ హద్దుల మీదే. ఇందాక వేసిన పెద్ద కెపాసిటరు ఇక్కడ తప్పుతుంది. మళ్ళీ మొదటి గది.

3.5 అన్నది ఇంచుమించు పిల్లల పట్టు హద్దు దాకా పోయే అంకె. అంత ఎందుకు ఒప్పుకున్నారంటే, ఆ వస్తువుకు ఎర్తు ఖాయంగా ఉంటుందని నమ్మి. ఎర్తు ఉంటే ఆ కరెంటు మనిషిని ముట్టుకోకుండా తీగలోంచి పోతుంది. ఆ నమ్మకమే మన ఇళ్ళలో నిలవదు.

ఇనుప డబ్బా ఉన్న డెస్క్‌టాప్ తీసుకోండి. ఫేజు నుంచి ఒక 4.7 నానోఫారడ్ కెపాసిటరు, న్యూట్రల్ నుంచి ఇంకొకటి దాని ఒంటికి కట్టి ఉంటాయి. ఎర్తు లేకపోతే డబ్బా సరిగ్గా సగం వోల్టేజీ, 115 దగ్గర తేలుతుంది. టెస్టరు పెడితే వెలుగుతుంది. ముట్టుకుంటే పారేది 0.34 మిల్లీయాంపియర్లు, చిన్న జిల. ప్రమాదం లేదు. ఇప్పుడు ఒక కాలేజీ ల్యాబులో అలాంటివి 20 ఒకే ఎర్తు తీగకు కట్టి ఉన్నాయనుకోండి. ఆ తీగ బోర్డు దగ్గర ఊడిపోయింది. 20 డబ్బాల లీకేజీ కలిసి ఎదురుచూస్తుంటుంది. ఏ ఒక్క డబ్బాను ముట్టుకున్నా సుమారు 6.8 మిల్లీయాంపియర్లు ఆ ఒక్క మనిషి గుండానే పోవచ్చు. ఆడవాళ్ళకు డాల్జీల్ చెప్పిన 6 అనే అంకెను అది దాటింది. ఏ పెట్టెలోనూ లోపం లేదు, ప్రతిదీ పరీక్షలో పాసయిందే.

లాప్‌టాప్ ఒంటి మీద మణికట్టు ఆనిస్తే జివ్వుమనడం, ఛార్జింగులో ఉన్న ఫోను పట్టుకుంటే వేళ్ళు గరుకుగా తోచడం కూడా ఈ కెపాసిటర్ల పనే. మంచి ఛార్జరులో అది అంతవరకే ఆగుతుంది. నాసిరకం ఛార్జరులో వై-కెపాసిటరు చోట మామూలు కెపాసిటరు పెడతారు, అది షార్టయితే ఫేజు నేరుగా ఫోను మీదికి వస్తుంది. మన దేశంలో 2012 ఉత్తర్వుతో లాప్‌టాప్‌లు, అడాప్టర్ల వంటి వస్తువులకు బీఐఎస్ రిజిస్ట్రేషను తప్పనిసరి చేయడం అందుకే. అడాప్టరు మీద ఐఎస్ 13252 అనో, దాని తర్వాత వచ్చిన ప్రమాణం అంకెనో, రిజిస్ట్రేషను నంబరో లేకపోతే ఎంత చవకగా వచ్చినా కొనకండి.

2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ తెచ్చిన నిబంధనలు లీకేజీ రక్షణ పరికరాన్ని తప్పనిసరి చేస్తూనే, 250 వోల్టుల మీద 5 కిలోవాట్ల లోపు ఇన్‌స్టలేషన్లను మినహాయించాయి. మామూలు ఇళ్ళలో ఎక్కువ భాగం ఆ మినహాయింపులోనే పడ్డాయి. మినహాయించదగిన వాళ్ళు ఆ ఇళ్ళవాళ్ళు కారు. తడి పొలంలో చెప్పుల్లేకుండా స్టార్టరు డబ్బా మీద చెయ్యి వేసే రైతుకూ, తడి చేతులతో గ్రైండరు కడిగే ఇల్లాలికీ ఈ పరికరం అవసరం ఎవరికన్నా ఎక్కువ. వానాకాలం మొదలైతే మోటారు దగ్గర షాకు వార్త లేని జిల్లా పేజీ ఉండదు. డాల్జీల్ అంకె మనకు దొరికి ఎనభై ఏళ్ళు అయింది, రూబిన్ స్విచ్చికి డెబ్బై ఏళ్ళు దాటాయి. ఇంకా మనవాళ్ళు ఇలా పోవడాన్ని ప్రమాదమని సరిపెట్టుకోవడం నాకు చేతకాదు.

ఇక ఇంజనీర్లకు ఒక మాట. ఎర్తు ఉంటుందని ప్రమాణం ఒప్పుకున్నా, మీరు మాత్రం లేదనుకుని లెక్క వేయండి. 3.5 దాకా వెళ్ళే వీలున్నా 0.5 దగ్గర ఆపే ఫిల్టరు సాధ్యమే. దానికి కావలసింది మంచి చోక్, ఓపిక. ఇళ్ళవాళ్ళకు ఇంకో మాట. త్రీపిన్ ప్లగ్గులో లావుపాటి పిన్ను విరగ్గొట్టి టూపిన్ సాకెట్లో దూర్చకండి. మెయిన్ బోర్డులో 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఉంటే మూడు నెలలకోసారి టెస్ట్ బటన్ నొక్కండి, నొక్కగానే మెయిన్ పడిపోవాలి. పడకపోతే అదే రోజు మార్పించండి. బటన్ పనిచేసిందని ఎర్తింగ్ బాగున్నట్టు కాదు. దాన్ని ఎలక్ట్రీషియన్ చేత మీటరుతో విడిగా చూపించుకోవాలి.

(సశేషం)